పక్షము విడిచినవాడు

యుద్ధమునందు ఒక పక్షమును విడిచి వేఱొక పక్షమున చేరినవానిని మనము ఏమని పిలువవలెను? ద్రోహి యనవలెనా, ధర్మజ్ఞుడనవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శ్రీమద్రామాయణ యుద్ధకాండమున సముద్రతీరమందు వానరనాయకులెల్లరు కూడి చర్చించిన ప్రశ్న యిది. మన పెద్దలు తరతరములుగా దీనిని ప్రవచించుచు వచ్చినారు. అయినను నాకు ఈ ప్రశ్న మరల ఎదురైనది ప్రవచన సభలో గాదు. మా యింటి సావడిలో, తొమ్మిదేండ్ల మనుమడు ఆడుకొనుచున్న ఒక బొమ్మల యుద్ధమున.

వేసవి సెలవులకు పట్టణమునుండి వచ్చిన ఆ బాలుని చేతిలో ఒక యంత్రపురుషుని బొమ్మ యుండెను. అవయవములను మడచినచో అది విమానమగును. విప్పినచో మనుష్యాకారము దాల్చును. మధ్యాహ్న భోజనానంతరము నేను పడక కుర్చీలో నడుము వాల్చియుండగా వాడు దగ్గఱకు వచ్చి, “తాతయ్యా, వీడు మొదట చెడ్డవాళ్లతో ఉన్నాడు. తర్వాత మంచివాళ్లలోకి వచ్చేశాడు. మరి వీణ్ణి నమ్మవచ్చా?” అని యడిగెను. నేను ఆలోచింపకయే, “ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారురా” అంటిని. వాడు కొంతసేపు బొమ్మను అటునిటు త్రిప్పి, “అంటే విభీషణుడు చెడ్డవాడా? పోయిన ఏడాది శరణాగతి కథ చెప్పినప్పుడు ఆయన గొప్ప భక్తుడని మీరే కదా చెప్పారు?” అనెను.

నాకు మాట రాలేదు. ఒకే నోట రెండు తీర్పులు వెలువడినవి. ప్రవచనమున కూర్చున్నప్పుడు విభీషణుడు మహాత్ముడు. ఇంటిలో సామెత చెప్పునప్పుడు అతడు ఇంటిగుట్టు విప్పినవాడు. ఈ రెండింటిలో నా మనస్సు నిజముగా నమ్మునది ఏది? ఈ వ్యాసము ఆ బాలునికి ఇయ్యవలసిన సమాధానము.

ముందుగా వాని కథనే వినవలెనని తోచినది. వానిచేత చెప్పించుకొంటిని, వానితో కూర్చుండి కొంత చూచితిని కూడ. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనబడు ఈ బొమ్మలను 1984వ సంవత్సరమున అమెరికా దేశమందలి హాస్‌బ్రో అను సంస్థ విక్రయింప మొదలిడెను. జపాను దేశమందలి టకారా అను సంస్థ అంతకు మున్నే చేసియుండిన బొమ్మలు వానికి మూలము. ఆ యేటనే టెలివిజనులో వాని కథ బొమ్మల చిత్రముగా ప్రసారమైనది. 2007 మొదలు అదే కథ పెద్ద చలనచిత్రములుగా కూడ వచ్చుచున్నది. సైబర్‌ట్రాన్ అను లోహమయమైన గ్రహ మొకటి కలదట. అచ్చటివారు ప్రాణముగల యంత్రపురుషులు. వారిలో ఆటోబాట్లు ఒక పక్షము, డిసెప్టికాన్లు మఱియొక పక్షము. మొదటివారికి ఆప్టిమస్ ప్రైమ్ నాయకుడు. రెండవవారికి మెగాట్రాన్ నాయకుడు. వారి యుద్ధము యుగములు సాగి చివరకు భూలోకమునకు చేరినది. ప్రతివాని దేహముపై వాని పక్షపు చిహ్నము ముద్రింపబడియుండును. చూచువారికి ఆ చిహ్నమే వాని కులము, గోత్రము, ధర్మము.

మా మనుమని చేతిలోని వాడు 1984 నాటి కథలో స్కైఫైర్ అనువాడు. బొమ్మగా అమ్మినపుడు వాని పేరు జెట్‌ఫైర్. యుద్ధమునకు పూర్వము వాడు శాస్త్రజ్ఞుడు. స్టార్‌స్క్రీమ్ అను మిత్రునితో కూడి గ్రహాంతరములను పరిశోధించుచు భూమిపై తుపానులో చిక్కి, ఉత్తర ధ్రువ ప్రాంతమున మంచులో గడ్డకట్టి యుగములు పడియుండెను. మేల్కొల్పబడునప్పటికి లోకము రెండు పక్షములైనది. మిత్రుడు డిసెప్టికాను అయినాడు. మిత్రుడున్న చోటే తన చోటని వాడును ఆ చిహ్నమునే ధరించెను. కాని చెఱలోనున్నవారిని చంపుమని ఆ మిత్రుడే ఆజ్ఞాపించినపుడు వాని చేయి ఆడలేదు. తాను విజ్ఞానమును వెదకుటకు బయలుదేఱినవాడు గాని వధకు గాదు. నిరాకరించెను. ఆ మిత్రుడే వానిని కాల్చి పడవేసెను. పిమ్మట వాడు ఆటోబాట్ల పక్షమున నిలిచెను. ఇది మొదటివాని కథ.

రెండవవాడు ఆ స్టార్‌స్క్రీమ్. వాడు తన పక్షమును విడువలేదు, చిహ్నమును మార్చలేదు. కాని అనుదినము తన నాయకుని పీఠముపైననే వాని కన్ను. 1986 నాటి చలనచిత్రమున మెగాట్రాన్ గాయపడి నిస్సహాయుడై యుండగా వానిని అంతరిక్షమున విసరివేసి, తానే నాయకుడనని కిరీటము పెట్టించుకొనెను. మెగాట్రాన్ క్రొత్త రూపముతో తిరిగివచ్చి ఆ పట్టాభిషేక సభలోనే వానిని భస్మము చేసెను. కడవఱకు వాని దేహముపై నున్నది తన పక్షపు ముద్రయే.

మూడవవాడు 2011 నాటి చిత్రమందలి సెంటినెల్ ప్రైమ్. వాడు ఆటోబాట్లకు పూర్వ నాయకుడు; ఆప్టిమస్‌కు గురుస్థానీయుడు. నశించిపోవుచున్న తన స్వగ్రహమును నిలుపుకొనుటకు రహస్యముగా శత్రువుతో ఒడంబడిక చేసికొని, తనను నమ్మి రక్షించినవారినే వెన్నుపోటు పొడిచెను. భూలోక మానవులను దాసులను జేసి వారి శ్రమతో తన లోకమును మరల నిర్మింపవలెనని వాని తలంపు. మన జాతి బ్రతుకవలెను గదా యని వాని వాదము.

ముగ్గురిని ప్రక్క ప్రక్కన నిలిపి చూడుడు. ఒకడు చిహ్నము మార్చెను. ఐనను వాడు నమ్మదగినవాడు. ఒకడు చిహ్నము మార్చలేదు. ఐనను వానికంటె ద్రోహి లేడు. ఒకడు తనవారి కొఱకే పక్షము మార్చితిననెను. కాని ఆ మాట వెనుక ఎందఱి దాస్యమో దాగియున్నది. కావున విడుచుట, విడువకుండుట అను రెండు క్రియలను మాత్రము చూచి తీర్పు చెప్పుట చెల్లదని బాలుర బొమ్మల కథయే సాక్ష్యమిచ్చుచున్నది. మఱి దేనిని చూడవలెను? ఇచ్చట మనకు శ్రీమద్రామాయణము శరణ్యము.

విభీషణుడు ఏ రాత్రివేళనో దొంగవలె లంకను దాటినవాడు గాడు. హనుమంతుని వధింపుమని రావణుడు ఆజ్ఞాపించినపుడు దూతను చంపుట తగదని నిండు సభలో అడ్డుపడినవాడు అతడు. సీతాదేవిని తిరిగి యిచ్చివేయుమని ఒకసారి గాదు, పలుమార్లు అన్నకు హితము చెప్పెను. ఏకాంతమున చెప్పెను, సభలోను చెప్పెను. శత్రువుతోనైనను, కోపించిన సర్పముతోనైనను కలిసి యుండవచ్చును గాని, మిత్రునివలె కనబడుచు శత్రువును సేవించువానితో ఉండరాదని రావణుడు నిందించి, కులపాంసనుడని ధిక్కరించిన పిదపనే అతడు గదాపాణియై లేచెను. లేచుచు శపింపలేదు. నిన్నును, ఈ నగరమును కాపాడుకొనుము, నేను లేకయే సుఖముగా నుండుమని పలికి వెడలెను. ఇది మనము గుర్తింపవలసిన మొదటి లక్షణము. విడువదగిన పక్షమును విడుచువాడు ముందుగా ఆ పక్షముతోనే, దాని ముఖము ఎదుటనే, సత్యమును చెప్పి యుండవలెను. చెప్పవలసిన చోట మౌనము వహించి, ఆవల శత్రువు చెవిలో చెప్పువాడు వేఱు. సామెత నిందించు గుట్టు విప్పుట అట్టివానిది. విభీషణుడు తెలిపిన సత్యమును మొట్టమొదట విన్నవాడు రావణుడే.

రెండవ లక్షణము, అతడు వచ్చిన తీరు. నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచి, తాను దుర్వృత్తుడగు రావణుని తమ్ముడనని మొదటనే చెప్పుకొనెను. తన పుట్టుకను దాచలేదు. భార్యాపుత్రులను విడిచి వచ్చితినని చెప్పి, రాఘవుని శరణు కోరుచున్నాననెను. వేషము వేసికొని వచ్చిన శుకసారణుల వంటివారికిని ఇతనికిని భేద మిచ్చట కలదు. వారును ఆ సేనలోనికే వచ్చిరి. కాని వానర రూపముతో వచ్చిరి. ఇతడు రాక్షసుడుగానే వచ్చెను.

అంతట సుగ్రీవుడు శంకించెను. ఆపదలోనున్న అన్ననే విడిచినవాడు రేపు ఎవనిని విడువడని అతని వాదము. అన్నతో విరోధించి రాజ్యము పొందినవాడు సుగ్రీవుడే యనుట ఇచ్చట స్మరింపదగును. తాను నడిచి వచ్చిన దారిలో వేఱొకడు వచ్చినపుడు అనుమానించుట లోకసహజము. అంగదుడు గుణదోషములను తూచవలె ననెను. శరభుడు చారుని పంపవలె ననెను. జాంబవంతుడు దేశకాలములు తగవనెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపవలె ననెను. అందఱి మాటలును నీతిశాస్త్ర సమ్మతములే.

హనుమంతుడొక్కడే వేఱుగా పలికెను. ఇతని ముఖము ప్రసన్నముగా నున్నది, మాటలో కపటము కానరాదు, వచ్చిన దేశకాలములును తగినవే యనెను. ఇచ్చట ప్రవచనములందు మనము తఱచు దాటవేయు అంశ మొకటి కలదు. వాలి వధను, సుగ్రీవ పట్టాభిషేకమును విని, రాజ్యమును కోరియే ఇతడు బుద్ధిపూర్వకముగా వచ్చినాడని హనుమంతుడే చెప్పెను. అనగా విభీషణుని యందు స్వార్థలేశము లేదని ఆంజనేయుడు వాదింపలేదు. ఉన్నను స్వీకరింపదగినవాడే యనెను. ఇది వాల్మీకి మహర్షి చూపిన సత్యసంధత. అధర్మమును విడిచి వచ్చు మనిషి హృదయము స్ఫటికమువలె నుండునని ఆశించుట మన అవివేకము. అందులో భయము కొంత, ఆశ కొంత, అభిమానభంగము కొంత ఉండవచ్చును. ఇవన్నియు పోయిన తరువాతనే రమ్మనినచో ఏ జీవుడును ఏనాడును రాజాలడు. మనలో ఎవ్వరము స్వామి సన్నిధికి కోరిక యేమియు లేక మెట్లెక్కితిమి?

శ్రీరామచంద్రుని తీర్పు ఈ చర్చలన్నింటిని దాటి నిలిచినది. మిత్రభావముతో వచ్చినవానియందు దోషమున్నను విడువననెను. తన ఆడపావురమును పట్టిన వేటగాడు శరణు జొచ్చినపుడు అతనికి తన మాంసమునే ఆహారముగా నిచ్చిన కపోతమును స్మరించెను. ఒక్కసారి నీవాడనని యాచించినవానికి అభయమిచ్చుట తన వ్రతమని ప్రకటించి, వచ్చినవాడు విభీషణుడైనను సరే, రావణుడే యైనను సరే, తోడ్కొని రమ్మనెను. శ్రీమద్వేదాంతదేశికులు ఈ ఘట్టము నొక్కదానినే ఆధారముగా గొని అభయప్రదానసారము అను రహస్య గ్రంథమును రచించుట మన సంప్రదాయమున దీనికిగల స్థానమును తెలుపుచున్నది.

అట్లయిన, తనవారు అను మాటకు విలువయే లేదా? ఈ ఆక్షేపణను అతితీవ్రముగా చేసినవాడు ఇంద్రజిత్తు. నికుంభిలయందు తన యాగము భగ్నమైనపుడు పినతండ్రిని చూచి, గుణహీనులైనను తనవారు తనవారే, గుణవంతులైనను పరులు పరులేనని నిందించెను. మన సామెత పలికినది ఈ ఇంద్రజిత్తు కంఠముతోనే. సెంటినెల్ ప్రైమ్ వాదమును దీనికి దూరము గాదు. ఒకడు తనవారిని విడువరాదనెను. మఱియొకడు తనవారి కొఱకై నమ్మినవారిని విడిచెను. ఇద్దఱును తనవారెవరు అని ప్రశ్నించిరే గాని, తనవారు చేయుచున్న పని యేమని ప్రశ్నింపలేదు.

విభీషణుని ప్రత్యుత్తరము శాంతమైనది. తాను రాక్షస కులమున పుట్టినను తన శీలము అది గాదనెను. పరధనమును, పరదారను హరించువానిని మంటలంటుకొనిన యింటినివలె విడువవలె ననెను. దహింపబడుచున్న యింటినుండి వెడలినవానిని, ఇల్లు విడిచిన కృతఘ్నుడని యెవ్వరందురు? అయితే వెడలుటకు ముందు నిప్పు, నిప్పు అని కేకవేసినాడా లేదా యనునది ప్రశ్న. విభీషణుడు వేసినాడు.

మూడవ లక్షణమును నేను చాలకాలము గమనింపలేదు. అది కన్నీరు. ఇంద్రజిత్తును వధింపవలసిన సమయమున విభీషణుడు, అన్న కొడుకును చంపబూనిన తన కన్నులను బాష్పములు కప్పుచున్నవని చెప్పుకొనెను. రావణుడు నేలగూలినపుడు అతని ప్రక్కన కూర్చుండి విలపించెను. ధర్మము కొఱకు పక్షము విడిచినవాడు విడిచినవారిని ద్వేషింపడు. గెలుపు దినమున అతని కన్ను తడిసియే యుండును. స్టార్‌స్క్రీమ్ కంట కన్నీటిబొట్టు లేదు. వానికి పీఠము దక్కినది, అంతియే. స్కైఫైర్‌ను చూడుడు, మిత్రుడున్నాడనియే ఆ పక్షమున చేరినవాడు, మిత్రుని ఆజ్ఞనే కాదనవలసి వచ్చినది. ఆ కాదనుటలో ఎంత బాధయో మా మనుమనికి సైతము తెలిసినది. అందుచేతనే ఆ బొమ్మ వానికి ప్రియమైనది.

పక్షము విడువనివారందఱును నీచులని దీని యర్థము గాదు. కుంభకర్ణుడు నిద్రలేచి అన్న చేసినది తప్పని మందలించియే, ఆ యన్న కొఱకు ప్రాణములర్పించెను. అతని భ్రాతృప్రేమను తక్కువ చేయరాదు. కాని ఆ ప్రేమ రావణుని రక్షింపలేదు, లంకను రక్షింపలేదు, సీతాదేవి కన్నీటిని తుడువలేదు. తప్పని తెలిసియు దానికి బలమైన భుజమునిచ్చుట విశ్వాసమే కావచ్చును. ధర్మము మాత్రము గాదు.

శ్రీమహాభారతమున యుయుత్సుని కథయు ఇట్టిదే. కురుక్షేత్రమున ఉభయసేనలు నిలిచియుండగా ధర్మరాజు కవచమును విప్పి పాదచారియై పెద్దల యాశీస్సులు గొని తిరిగివచ్చుచు, మా పక్షమున చేరగోరువాడెవడైన రావచ్చునని బిగ్గఱగా పలికెను. ధృతరాష్ట్రునికి వైశ్యస్త్రీయందు జన్మించిన యుయుత్సుడు అందఱును చూచుచుండగా భేరి మ్రోయించుచు ఈవలి పక్షమునకు వచ్చెను. ఆ రాకలో చాటుమాటు లేదు. ధర్మరాజు అతనిని ఆదరించుటయే గాక, ధృతరాష్ట్రుని వంశమునకు నీవే నిలుతువని పలికెను. అట్లే యతడు యుద్ధానంతరము మిగిలెను. పాండవులు మహాప్రస్థానమునకు వెడలునపుడు పరీక్షిత్తుకు పట్టము గట్టి, రాజ్యరక్షణ భారమును యుయుత్సుని చేతిలోనే యుంచిరి. నాడు ఆ పక్షమునుండి వచ్చినవాడని కడవఱకు వేఱుగా చూడలేదు.

ఇచ్చట నా కథ యొకటి విన్నవించుకొనవలెను. ఇన్ని మాటలు వ్రాసియు దీనిని దాచినచో వ్యాసమంతయు వ్యర్థము.

సుమారు నలువదేండ్ల క్రిందట, నేను యువకుడనై పాఠశాల చదువు ముగించి వచ్చిన క్రొత్తలో, మా గ్రామమున దేవుని మాన్యము విషయమై తగవు నడచినది. ఒక కుటుంబమువారు సరిహద్దు రాయిని జరిపి స్వామి భూమిలో కొంత కలుపుకొనిరి. ఏండ్ల తరబడి ఎవ్వరును నిరూపింపలేకపోయిరి. తుదకు ఆ యింటి చిన్నకుమారుడు, అన్నలకు ఎంతో చెప్పిచూచి, వారు వినకపోగా, పాత దస్తావేజును తెచ్చి ఆలయ మంటపమున పెద్దల ముందుంచెను. పొలము స్వామికి దక్కినది. అతనికి మాత్రము ఇంట చోటు పోయినది.

మేము ఏమి చేసితిమి? దస్తావేజును రెండు చేతులతో పుచ్చుకొంటిమి. అతనిని మాత్రము తీర్థగోష్ఠిలో కొంచెము దూరముగానే నిలువనిచ్చితిమి. ఒకనాటి యుదయమున ప్రసాదము పంచుచుండగా ఎవరో అతని ప్రసక్తి తెచ్చిరి. నేను నవ్వుచు, “ఇంటి గుట్టు లంకకు చేటు” అంటిని. పలువురు నవ్విరి. ధ్వజస్తంభము వెనుక అతడు నిలిచియున్నాడని నేను ఎఱుగను. చేతిలోని ప్రసాదమును కన్నుల కద్దుకొని మెల్లగా వెడలిపోయెను. కొన్ని నెలలకు భార్యాబిడ్డలతో ఊరు విడిచెను. మరల రాలేదు.

ఆ సాయంకాలమే నేను విభీషణ శరణాగతి పారాయణము చేసితిని. అప్పుడు సిగ్గు కలుగలేదు. నలువదేండ్ల పిదప ఒక బాలుడు బొమ్మను పట్టుకొని ప్రశ్నించినపుడు కలిగినది. భూమిని స్వీకరించితిమి, మనిషిని స్వీకరింపలేదు. సముద్రతీరమున శ్రీరామచంద్రుడు లంక బలాబలములను విభీషణునివలన తెలిసికొనెను. అతనిని మాత్రము పరునివలె దూరమున నిలువనియ్యలేదు. కౌగిలించుకొనెను. అప్పటికప్పుడే లక్ష్మణునిచేత సముద్రజలము తెప్పించి లంకారాజ్యమునకు అభిషేకింపజేసెను. లంక ఇంకను గెలువబడలేదు, సేతువు కట్టబడలేదు. నమ్మకము మాత్రము సంపూర్ణముగా నీయబడినది. యుద్ధము ముగిసి రావణుని అంత్యక్రియల ప్రసక్తి వచ్చినపుడు, మరణముతో వైరము ముగిసినది, అతడు నీకెట్లో నాకును అట్లేనని పలికి, విభీషణునికి అన్నను తిరిగి యిచ్చెను. వచ్చినవానిని స్వీకరించుట యనగా అతని శోకమును గూడ స్వీకరించుట.

కావున ఈ ప్రశ్నకు రెండు ముఖములు కలవు. విడిచి వచ్చువాని ధర్మ మొకటి. చేర్చుకొనువాని ధర్మ మొకటి. మనము మొదటి దానినే విచారించుచుందుము. వచ్చినవాని మనస్సు శుద్ధమైనదా, రేపు మనలను విడువడా యని తూకము వేయుదుము. వాడు తెచ్చిన సత్యమువలన లాభము పొంది, ఆ సత్యము తెచ్చినందులకే వానిని శంకింతుము. ఇది ధర్మపక్షమున నిలిచి చేయు అధర్మము. అధర్మము విడిచి రాదలచినవారు లోకమున ఎందఱో కలరు. అవతల వారికి చోటుండదు, ఇవతల గౌరవముండదు. ఈ భయముచేతనే పలువురు తప్పని తెలిసియు కుంభకర్ణులై మిగిలిపోవుచున్నారు. వారి దోషమున మనకును పాలు కలదు.

ఆ బొమ్మలను గూర్చి మనుమడు చెప్పిన విశేష మొకటి నా మనస్సున నాటినది. 1985 మొదలు కొంతకాలము ఆ బొమ్మలపై ఒక చిన్న చీటీ అంటించి అమ్మెడివారట. చూచుటకు అది నల్లగా నుండును. వ్రేలితో రుద్ది వెచ్చజేసినపుడే లోపలి చిహ్నము బయటపడును. ఆ బొమ్మ ఏ పక్షమువాడో అప్పుడు తెలియును. నకలు బొమ్మలనుండి అసలు బొమ్మలను గుర్తించుటకు చేసిన యుక్తి యది. మనము భుజములపై శంఖచక్రములను, నుదుట ఊర్ధ్వపుండ్రమును ధరించు వారము. అవి ఆచార్యకటాక్షమున లభించిన మహాభాగ్యములు, సందేహము లేదు. కాని ఒకడు మన వాకిట నిలిచి శరణన్నపుడు తగులు వేడికి మన లోపలి చిహ్నము బయటపడును. నాటి యుదయమున ధ్వజస్తంభము కడ నాది బయటపడినది. అది రాఘవుని ముద్ర గాదు.

మఱునాడు మనుమని పిలిచి చెప్పితిని. “నీ బొమ్మను నమ్మవచ్చునురా. చెడ్డపని చేయనన్నాడు, చేయమన్నవాని ముఖము మీదనే అన్నాడు, దెబ్బ తిన్నాడు. ఇంక వాణ్ణి మంచివాళ్లు ఎలా చూసుకున్నారో అది చెప్పు.” వాడు ఉత్సాహముగా, “వాళ్లు వాణ్ణి బాగుచేశారు తాతయ్యా. వాళ్లలో ఒకడిగా కలుపుకున్నారు” అనెను. “అయితే వాళ్లు నిజంగా మంచివాళ్లే” అంటిని. ఆ తరువాత నేను చెప్పిన సామెత తప్పని, ఇంక చెప్పనని వానికి మాట యిచ్చితిని. ఊరు విడిచినవాడు ఇప్పుడెక్కడ నున్నాడో తెలిసికొనుటకు బంధువులకు జాబులు వ్రాయుచున్నాను. ఆయన దొరికినచో క్షమాపణ వేడెదను. దొరకనిచో ఈ వ్యాసమే నా విన్నపము.

పాఠక మహాశయులారా! మీ యింట, మీ యూర, మీ బంధువర్గమున అట్టివారెవరైన నున్నారేమో యొక్కసారి తలంపుడు. సత్యము కొఱకు తనవారిని విడిచి వచ్చి, వచ్చిన చోటను పరాయివాడై నిలిచినవాడు ఉండునేమో. ఈసారి తీర్థగోష్ఠిలో వానిని చేయిపట్టి మీ ప్రక్కన నిలుపుకొనుడు. శరణాగతవత్సలుడగు శ్రియఃపతి మన యందఱి దోషములను సహించి చేర్చుకొనినవాడు. ఆ వాత్సల్యములో ఒక కణమును మన హృదయములందును నింపుగాక.